చిటికెడు మందు

పిస్తోలు తూటాలు ఇంట్లోనే నింపుకుందామని నా భర్త వెర్నన్ కొత్తగా మొదలుపెట్టాడు. "తూటా తొడుగు నిండా పట్టే తుపాకిమందు కొనరా. పొరపాటున రెండుసార్లు పోస్తే పొంగి తెలిసిపోతుంది, కొంచెంతో సరిపోయే మందైతే రెండింతలు పడ్డా కనబడదు, పిస్తోలు చేతిలోనే పగుల్తుంది," అని పక్కింటి ఓర్విల్ తాత చెప్పాడు. ఈయన చవకగా వస్తుందని చిటికెడుతో సరిపోయే మందే తెచ్చాడు.

నిన్న తొడుగుల్లో మందు పోస్తుండగా పాప గుక్కపట్టి ఏడిస్తే నేనే ఆయన్ని కేకేశాను. తిరిగెళ్లాక, ఎక్కడ ఆపాడో గుర్తులేకపోయినా యాభై తొడుగులకీ గుండ్లు బిగించేశాడు.

"తూకం వేసి చూడొచ్చుగా?" అన్నాను.

"ఏరుకొచ్చిన తొడుగులు, ఒక్కోటి ఒక్కో బరువు. చిటికెడు తేడా ఏం తెలుస్తుందే, పిరికిదానా!"

"అయితే పారేసెయ్."

"నీ వంటలన్నీ పారేస్తున్నానా?"

ఇప్పుడు పెరట్లో పేలుస్తున్నాడు. పాప చెవులు మూసి లెక్కపెడుతున్నాను. పన్నెండు బాగానే పేలాయి. ఇంకా ముప్ఫై ఎనిమిది ఉన్నాయి.