ఎల్వా ముక్కు

ముప్ఫయ్యో సీసా కడిగి బోర్లించి, క్లారీ వరండా వైపు తిరిగి మళ్ళీ అరిచాడు.

"అక్కా! వస్తావా, రావా?"

ఎండిన చిక్కుడుకాయలు వలుస్తున్న చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది. అంటే విన్నదన్నమాట. వినీ రానంటోందన్నమాట.

క్లారీ తడి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. పొద్దున్న ఆరింటికి లేచి చాకిరీ మొదలెట్టాడు. సీసాల్లో కలపాల్సిన పంచదార నీళ్ళు మరిగి, చల్లారి, మళ్ళీ మరిగాయి. రేకు మూతలు గిన్నెలో ఉన్నాయి. మూతలు బిగించే మర బల్లకు బిగించి ఉంది. బట్టలుతికే గది మూల పాత దుప్పటి కప్పుకుని బీరు పీపా కూర్చుంది. అన్నీ సిద్ధం. ముక్కొక్కటే లేదు.

డెర్వెంట్ లోయలో క్లారీని ఎరగనివాళ్ళు లేరు, పట్టించుకున్నవాళ్ళూ లేరు. బీరుకు చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పూలు ఆరబెట్టే కొట్టంలో నలభై ఒక్క ఏళ్ళు పనిచేశాడు. మోకాలి లోతు పరిచిన పచ్చిపూల మీద, కాళ్ళకు గోనెపట్టా చుట్టుకుని, చెక్క పారతో తిరగేస్తూ ఉండేవాడు. పూవు నడిమి కాడ వేళ్ళ మధ్య టప్పున విరిగిందంటే ఆరినట్టు. క్లారీ వేళ్ళు ఏనాడూ తప్పు చెప్పలేదు. పూలకు మంచి రంగు రావాలని కింద పొయ్యిలో గంధకం వేసేవాళ్ళు. పూలకు రంగొచ్చింది, క్లారీ ముక్కు పోయింది. ఒకనాడు బొగ్గయిపోయిన రొట్టె తింటూ "బాగుంది" అన్నాడు, అప్పుడు తెలిసింది ఇంట్లో. పని మానిన రోజు ఆ చెక్క పారే బహుమానంగా ఇచ్చి పంపారు. ఇప్పుడది కోళ్ళగూటి తలుపుకు అడ్డు.

అక్క ఎల్వాది మాత్రం వేటకుక్కలు సిగ్గుపడే ముక్కు. నది అవతలి కొండమీద ఎవరైనా అగ్గిపుల్ల గీస్తే ఇక్కడ ఆరేసిన బట్టలు తీసేసేదంటారు. కొత్తగా వచ్చిన పాస్టరు మొదటి ఆదివారం మెట్లెక్కుతుంటే "పైన పిప్పరమెంటు, దానికింద పొగాకు, దానికింద రమ్ము" అని పొరలు పొరలుగా విప్పిందంటారు. ఇందులో సగం నిజం. మిగతా సగం నేను చెప్పిందే.

అంత ముక్కున్న మనిషి బీరు నోట పెట్టదు. పన్నెండో ఏట చర్చిలో, మద్యం ముట్టనని కాగితం మీద సంతకం చేసింది. ఎనభై ఒకటి వచ్చినా ఆ సంతకం ఆరలేదు. అతనికి వాసన తెలియదు, ఆమెకు రుచి తెలియదు. పెళ్ళీపెటాకులు లేని ఆ ఇంట్లో బీరు తాగేవాడు ఒక్కడే, వాణ్ణి ఇద్దరూ చెరిసగం పంచుకున్నారని ఊళ్ళో అనేవాళ్ళం.

ఆమె ముక్కు లేకుండా క్లారీ ఒక్కసారే సీసాల్లో పోశాడు, పోయినేడు, ఏదో మాటా మాటా అనుకున్నప్పుడు. అగ్నిమాపక దళం వాళ్ళ విందుకు పట్టుకెళ్ళాడు. అందరూ ఒక గుక్క తాగి "భలే" అన్నారు, ఒక్కొక్కరే షెడ్డు వెనక వాటిల్ చెట్టు దాకా నడిచి ఖాళీ గ్లాసుతో తిరిగొచ్చారు. చెట్టు వారంలో ఎండిపోయింది. నిజం చెప్పింది ఎల్వా ఒక్కతే: "తడికుక్క కంపురా అది."

మూడు వారాల్లో మళ్ళీ విందు. అందుకే ఈసారి ప్రతి మెట్టులోనూ బతిమాలి వాసన చూపించుకున్నాడు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని చేతిమరలో పగలగొట్టినప్పుడు చూసింది. వేడినీళ్ళలో గంటసేపు నానబెట్టి తియ్యటి నీరు వడకట్టినప్పుడు చూసింది. అది మరుగుతుండగా చేదుకోసం ఒక గుప్పెడు, దించబోయే ముందు వాసనకోసం రెండు గుప్పెళ్ళు హాప్స్ వేస్తే, "ఇంకో గుప్పెడు వెయ్యి, పిసినారీ" అంది. చల్లార్చి ఈస్ట్ వేసి పన్నెండు రోజులు. అక్కడిదాకా అంతా సవ్యమే.

చెడిందల్లా సోమవారం. ఎండుపూలు మూటగట్టి పీపాలో వేలాడదీయడానికి గుడ్డ దొరక్క, బట్టల తీగ మీది అక్క మేజోడు ఒకటి లాగి, పూలూ బరువుకు నాలుగు గోళీలూ కూరి ముడేసి ముంచాడు.

"అది ఆదివారం మేజోడురా!" అంటోంది అప్పట్నించీ.

"కొత్తది కొనిస్తానన్నాగా!"

"ఒంటికాలిది అమ్ముతారేం?"

ఇవాళ పదకొండింటికి పిలిస్తే టీ తాగాక అంది. టీ అయ్యాక రేడియోలో గొర్రెల ధరలు వినాలంది. ఆ ఇంట్లో గొర్రె లేదు, ఎన్నడూ లేదు. క్లారీకి తిక్క నషాళానికంటింది. గ్లాసులో బీరు పట్టి, వరండాలోకి విసవిసా నడిచి, ఆమె ముక్కు కింద పెట్టాడు.

"చూడు. నీకు దండం పెడతా, చూడు."

ఎల్వా చిక్కుళ్ళ గిన్నె ఒళ్ళోంచి దించలేదు. కుర్చీ వీపున వేసిన బూడిదరంగు ఉన్ని స్వెటర్ ఎడమ చెయ్యి లాక్కుని, దాన్ని ముందు వాసన చూసింది. పాత వాసనలు పోయేలా ముక్కు కడుక్కోవడమట అది. ముప్ఫయ్యేళ్ళుగా అదే చెయ్యి, అదే అంచు. తర్వాత గ్లాసు అందుకుని కళ్ళు మూసుకుంది.

"పైన బాగుంది. అమ్మ నారింజతొక్కలు పాకం పట్టిన రోజు వంటిల్లులా ఉంది. వెనకాల పైన్ జిగురు."

"హమ్మయ్య!"

"అడుగున వెన్న."

"వెన్నేంటి?"

"వెన్న వాసన. ఇంకా పోలేదు. రెండు రోజులాగు."

"కొలతగొట్టం మూడు రోజులుగా ఒకే అంకె చూపిస్తోందే! పులవడం అయిపోయింది. సీసాలు కడిగేశా, పాకం కాచేశా..."

"గొట్టానికి ముక్కుందా? శనివారం పొద్దున మళ్ళీ తీసుకురా, చూస్తా."

క్లారీ గ్లాసు లాక్కుని గుమ్మందాకా వెళ్ళాడు. వెనకనించి ఎల్వా, ఎన్నడూ అడగనిది అడిగింది.

"నోట్లో ఎలా ఉంటుందిరా అది?"

"తాగి చూడరాదూ!"

"మాటిచ్చాను కదరా."

"అయితే అడక్కు!"

పీపా మీద దుప్పటి విసురుగా కప్పాడు. ముప్ఫై సీసాలూ పెట్టెల్లో సర్దుతూ, వినబడాలనే గట్టిగా గొణిగాడు. వరండాలో చిక్కుడుకాయల చప్పుడు ఆగింది. బాగా తగిలింది, అలిగింది అనుకున్నాడు. నాలుగింటికి టీ తీసుకెళ్ళి పక్కన పెట్టాడు. తల పక్కకు వాల్చి పడుకుని ఉంది. "చల్లారిపోతుంది. తర్వాత నన్ననకు" అని వచ్చేశాడు. అరగంట తర్వాత మళ్ళీ వెళితే టీ అలాగే ఉంది. ఒళ్ళో గిన్నె ఒరగను కూడా లేదు. చేతిలో కాయ సగం విప్పి ఉంది.

శనివారం పొద్దున అగ్నిమాపక దళం పెద్ద డెస్, పళ్ళెం నిండా రొట్టెముక్కలు పట్టుకుని పరామర్శకు వచ్చాడు. క్లారీ బట్టలుతికే గదిలో గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నేను చూడనా క్లారీ, వాసన?"

"నువ్వా? పోయినేడు చెట్టుకు పోసి నాతో ఏమన్నావు?"

డెస్ నేల చూశాడు. "భలే అన్నా."

"పళ్ళెం అక్కడ పెట్టి వెళ్ళు."

రెండు రోజులంది, రెండు రోజులయ్యాయి. అంతకుమించి క్లారీ దగ్గర ఆధారమేమీ లేదు. మేజోడు పైకి తీసి, పూలు కోళ్ళదొడ్లో దులిపి, రెండుసార్లు ఉతికి తీగ మీద దాని జత పక్కన ఆరేశాడు. పాకం కలిపాడు. ముప్ఫై సీసాలు నింపి, ముప్ఫై మూతలు బిగించాడు. మిగిలిన బీరు గ్లాసులో పట్టుకుని వరండాలోకి వెళ్ళాడు.

స్వెటర్ ఎడమ చెయ్యి ఎత్తి ముక్కుకు ఆనించుకున్నాడు. ఉన్ని గుచ్చుకుంది, అంతే. గ్లాసు ఆనించుకున్నాడు. చల్లగా తగిలింది, అంతే. ఒక గుక్క తాగి, ఖాళీ కుర్చీ వైపు విసుగ్గా చూశాడు.

"సరే విను, ఒక్కసారే చెబుతా. ముందు చేదు. నాలిక పక్కల్లో పట్టుకుంటుంది, వేపుడు బార్లీ చేదు కాదు, పూల చేదు. మింగాక పోదు. పోయిందనుకుంటే మళ్ళీ వస్తుంది."

కుర్చీ వీపున బూడిదరంగు స్వెటర్, ఎడమ చేతి అంచు దగ్గర, ముక్కు రాసి రాసి నున్నగా మెరుస్తోంది.