సొర ముక్కు మీద చెయ్యి

రాష్ట్రం వస్తుందో రాదో తేలని ఆ వేసవిలో, సముద్రానికి ఆమడల దూరాన ఉన్న నాచారంలో, నీలి సొరల గాలం సంఘం వెలసింది. విశాఖ నుండి నడిసంద్రానికి పోయే పడవలో ఒక్క చోటే మిగిలింది. దానికోసం పట్టాభిరామయ్య పంతులు ప్రాణం కొట్టుకులాడుతోంది. ప్రళయవేళ మహామత్స్యం పడవను తాడుతో లాగిన కథ నలభై ఏళ్ళు బడిలో చెప్పినా, చేప లాగే తాడు చేతికెలా తగులుతుందో ఆయన ఎరుగడు.

సంఘం కార్యదర్శి గిరిప్రసాద్ ఆ చోటుకు పెట్టిన పరీక్ష నియమం చదివాడు: "అరగంటలోపు సొర ముక్కు మీద చెయ్యి వెయ్యాలి, ప్రాణంతో విడిచిపెట్టాలి."

నాచారంలో సముద్రమేది? అందుకని సొర అంటే హన్మయ్య ఆటో. పంతులు ఆచమనం చేసి, సంకల్పం చెప్పుకొని, ఆఫీసు చక్రాల కుర్చీలో ఉత్తరీయంతో నడుము బిగించుకొన్నాడు. రీలున్న గాలపు కర్ర ఆయన చేతికిచ్చి, కొక్కెం ఆటో వెనక కడ్డీకి తగిలించారు. గిరిప్రసాద్ స్కూటరెక్కి గడియారం నొక్కాడు. కుర్చీ గడగడలాడుతూ ఉప్పల్ దారి పట్టింది.

అయితే హన్మయ్యది షేరాటో. చెయ్యెత్తిన మనిషిని దాటిపోవడం అతని ఒంట్లో లేదు. ఆగినప్పుడల్లా పంతులు రీలు తిప్పి దగ్గరయ్యేవాడు. ముక్కు అందేలోగా సొర మళ్ళీ పరుగు. ఉప్పల్ చేరేసరికి దాని కడుపులో ఆరుగురు.

"పంతులూ, జర ఇడువుండ్రి!" హన్మయ్య మొరపెట్టాడు. "లోపల కూసున్న మల్లవ్వ బిడ్డకు అంబర్‌పేట దవాఖానల కాన్పు. ఈ కుర్చీతోని బండి గుంజుతలేదు!"

"వదిలితే చోటు పోతుంది పంతులుగారూ!" గిరిప్రసాద్ అరిచాడు.

"ఆ కథలో చేప విడవమని అడగలేదు నాయనా. ఇది అడుగుతోంది."

పంతులు మొలలోని అడకత్తెర తీసి దారం కత్తిరించాడు. సొర సాగిపోయింది. నడిరోడ్డున కుర్చీ మిగిలింది.

ఇంతలో ఆటోలోంచి మల్లవ్వ గొంతు: "ఓ హన్మయ్య! గంత ముసలాయనను ఎండల ఇడిసిపోతవా? మలుపు బండి! జర సర్దుకుంటం."

సొర వెనుదిరిగి వచ్చి పంతులు ఎదుట నిలిచింది. ఆయన దాని ముక్కు మీద చెయ్యి వేశాడు.

"ఇరవై తొమ్మిది నిమిషాలు," గిరిప్రసాద్ నసిగాడు. "కానీ ముందు విడిచారు, తరవాత ముట్టారు. తలకిందులైందండీ!"

"రెండూ అయ్యాయి కదా. ఏది ముందో నీ నియమంలో ఉందా?"

గిరిప్రసాద్ కాగితం రెండుసార్లు తిరగేసి, పేరు రాసుకొన్నాడు.

కుర్చీ ఆటో పైకెక్కింది. పంతులు ఏడోవాడుగా ఇరుక్కొన్నాడు.

"లోపల జాగ ఉండంగ, దారం పట్టుకొని ఎనకెనక ఎందుకొచ్చినవయ్యా?" అంది మల్లవ్వ.

ఆయన అరచేతిలో దారం కోసిన ఎర్రగీతను కళ్ళకద్దుకొన్నాడు.