సానపట్టేవాడి కాళ్ళ మీది కుక్క

దుకాణం తలుపు తీయగానే ఒదీల్ చేసే మొదటి పని, అద్దాల బీరువాలోని కత్తుల మీద పడ్డ వేలిముద్రలు తుడవడం. రెండో పని, వాటికి అంత ధర ఎందుకో వచ్చినవాళ్ళకి చెప్పడం. ఫ్రాన్సులోని ఈ తియేర్ ఊరంతా కత్తుల దుకాణాలే. సంతలో మంచి కత్తి ఒక పూట భోజనం ఖర్చుకి దొరుకుతుంది. ఒదీల్ దగ్గర కొనాలంటే నెల ఇంటద్దె పెట్టాలి.

"ఇదీ టమాటానే కదమ్మా కోసేది?" అంది లియోన్ నుంచి వచ్చిన ఒకావిడ.

"అవునండీ. కానీ ఇది చేత్తో సానపట్టింది. ఒక్కో కత్తికీ ఒక మనిషి బోర్లా పడుకుని..."

అక్కడ ఒదీల్ ఆగి, తుడిచిన కత్తినే మళ్ళీ తుడిచింది. ఆ మనిషిని ఆమె కిందటి శుక్రవారమే పనిలోంచి తీసేసింది.

అతను అర్మిందో. పోర్చుగల్ నుంచి పడుచువాడిగా వచ్చి ఒదీల్ తండ్రి దగ్గర చేరాడు. దుకాణం వెనక, నది మీదికి కట్టిన పనిశాలలో, పాతకాలం వాళ్ళలాగే బల్ల మీద బోర్లా పడుకుని, మొహం కింద తిరిగే సానరాయికి బ్లేడు ఆనించేవాడు. నీటి చలికి కాళ్ళు కొయ్యబారకుండా బీజ్ అనే కుక్క వచ్చి పిక్కల మీద పడుకునేది. ఒదీల్ ముత్తాత కాళ్ళ మీదా ఆ బీజే పడుకుంది. గోడ మీది ఫొటోలో అదే కుక్క, అదే తెల్ల చెవి. ఊరి పశువైద్యుడు ఏటా దానికి సూది వేస్తాడు, వయసు అడగడు. సానపట్టేవాళ్ళ కాళ్ళ మీద తప్ప అది ఇంకెక్కడా పడుకోదు.

కత్తి పిడి ఆకారం గీసింది పారిస్‌లో ఉండే షాసాంగ్. బ్లేడు మీద చెక్కేది ఆయన పేరే. "జనం కొనేది నా గీతని. పదును ఫ్యాక్టరీలో యంత్రం పెడుతుంది, ఆ ముసలాయన ఎందుకు?" అన్నాడాయన.

"మరి ధర తగ్గిద్దామా?" అని ఒదీల్ అడిగింది.

"ఎందుకూ? కష్టపడే చేతుల కథ ఉండనే ఉందిగా."

చేతులు ఒకరివి, పేరు ఇంకొకరిది. లోకం ఎప్పుడూ ఇలాగే దోచుకుంటుందని ఒదీల్ చదువుకునే రోజుల్లో జెండా పట్టుకుని అరిచింది కూడా. ఇప్పుడు తలూపింది. దుకాణం పాత బాకీల వల్ల అని తనకి తను చెప్పుకుంది. అర్మిందో మాత్రం "సరే అమ్మాయ్" అని, తోలు ఏప్రన్ కొక్కేనికి తగిలించి వెళ్ళిపోయాడు. అతను నాలుగు తిట్టినా బాగుండేది.

బుధవారం షాసాంగ్ ఒక ఫొటోల అమ్మాయిని వెంటబెట్టుకుని దిగాడు. తను బల్ల మీద పడుకుని సానపడుతున్నట్టు, కాళ్ళ మీద కుక్క ఉన్నట్టు బొమ్మ కావాలి. "మన ధరకి ఆ కుక్కే సాక్ష్యం" అన్నాడు. పడుకోబోతే చొక్కా మేకుకి పట్టుకుని చిరిగింది. బీజ్ గుమ్మంలో కూర్చుని చూసింది. ఫొటోల అమ్మాయి ఆయన మోకాళ్ళ వెనక సాసేజ్ ముక్క పెట్టింది. బీజ్ వచ్చి, అది తిని, మూతి ఆయన ప్యాంటుకి తుడుచుకుని, మళ్ళీ గుమ్మంలోకి వెళ్ళింది.

"దీనికి ఎవరూ ఏమీ నేర్పలేదా?"

"ఒక్కటే నేర్పారండీ," అంది ఒదీల్.

"అయితే నువ్వు పడుకో. వెనకనుంచి తీస్తే ఎవరికి తెలుస్తుంది?"

ఆమె పడుకుంది. చిన్నప్పుడు నాన్న పక్కన ఈ పని నేర్చుకున్నదే. బీజ్ దగ్గరికొచ్చి ఆమె మడమలు వాసన చూసింది. గుర్తుపట్టినట్టు ఒకసారి తోక ఊపింది. ఎక్కలేదు. అది ఎక్కకపోవడమే పెద్ద బరువై ఒదీల్ కాళ్ళ మీద పడింది.

చివరికి ఆమే అర్మిందో ఇంటికి వెళ్ళింది. అతని భార్య లూర్దిష్ సూప్‌లోకి ఆకుకూర వెంట్రుకంత సన్నగా తరుగుతోంది.

"సంత కత్తేనమ్మా," అంది లూర్దిష్, ఒదీల్ చూపు చూసి. "మా ఆయన సానపట్టినవి మేమెక్కడ కొనగలం?"

"మావయ్యా, ఒక్క ఫొటోకి రావాలి," అంది ఒదీల్.

"మొహం పడాలా?" అన్నాడు అర్మిందో.

"వద్దట. వీపు చాలట."

"వీపు ఎప్పుడో మీకే ఇచ్చేశాడుగా," అంది లూర్దిష్.

అర్మిందో నవ్వి చెప్పులు తొడుక్కున్నాడు. "సూప్ దించేలోగా వచ్చేస్తాలే."

అతను బల్ల మీద సర్దుకుని రాయి తిప్పాడో లేదో, బీజ్ వచ్చి పిక్కల మీద చుట్టచుట్టుకుంది. ఫొటో అయిపోయింది.

"ఇక లేవండి," అన్నాడు షాసాంగ్.

"నేను లేస్తా. అది లేవాలిగా."

షాసాంగ్ దాని మెడపట్టీ పట్టి లాగాడు. ఫొటోల అమ్మాయి కూడా ఒక చెయ్యి వేసింది. కొండని లాగినట్టే ఉంది.

"పని మిగిలుంటే అది దిగదండీ," అన్నాడు అర్మిందో.

"మీకిక్కడ పనేం మిగల్లేదు కదా!"

అర్మిందో రాయిని మళ్ళీ తిప్పాడు. ఒదీల్ వైపు కూడా చూడలేదు. ఆమెకి అదే భరించరానిదైంది. ఆమె ఫోను తీసి ఫ్యాక్టరీకి చేసి, బ్లేడ్లకి అక్కడ పదును పెట్టొద్దని, ఉన్నవి ఉన్నట్టు వెనక్కి పంపమని చెప్పింది.

"బ్లేడు మీద మీ పేరు పక్కన ఈయన పేరు కూడా చెక్కుతాం," అంది షాసాంగ్‌తో. "నాకూ మీకూ ఎంత వాటానో ఈయనకీ అంతే. కుదరదంటే మీ గీత మీరు పట్టుకెళ్ళండి."

"కూలివాడి పేరుకి ఆ ధర ఎవడిస్తాడు?"

"ధర తగ్గదు. ఆ ధర ఈయన పనిదే. ఇన్నాళ్ళూ మనిద్దరం దొంగిలించాం."

షాసాంగ్ చిరిగిన చొక్కా మీద కోటు వేసుకుని, ఆలోచించి చెబుతానని వెళ్ళిపోయాడు. చెబుతాడో లేదో, రేపటి నుంచి దుకాణం ఎలా గడుస్తుందో ఒదీల్‌కి తెలియదు. పదునులేని బ్లేడు ఒకటి తీసుకుని బల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. క్షమించమని అడుగుదామనుకుంది. బ్లేడు అందించింది.

అర్మిందో రాయి మీదనుంచి చూపు తిప్పకుండా చెయ్యి చాపి, ఆగాడు.

"మొన నీవైపు పెట్టుకుని ఇవ్వాలి, అమ్మాయ్. అదీ మర్చిపోయావా?"