బావ మాట తడబడిన రోజు

మా బావ ఇరవై ఏళ్లుగా బేకరీలో పొయ్యి దగ్గరే పనిచేస్తున్నాడు. ఒళ్లు కాలిపోతున్నా సెలవు పెట్టని మనిషి. ఆ వేసవిలో వాంతులు, విరేచనాలు పట్టుకున్నా రెండు రోజులు పనికి వెళ్లొచ్చాడు. తాగింది తాగినట్టే బయటికొస్తోందని నీళ్లూ మానేశాడు. నడుం పట్టేసిందంటే అక్క తన మోకాళ్ల నొప్పి మాత్రలే పూటకొకటి ఇచ్చింది. రోజూ వేసుకునే బీపీ మాత్రను మాత్రం తప్పనివ్వలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం ల్యాబ్‌లో డ్యూటీ దిగి చూడ్డానికి వెళ్లాను. నాది రక్తం నమూనాలు తీసే పని. విరేచనాలు కట్టేశాయని, నిన్నటి నుంచి గంజీ మజ్జిగా తాగిస్తున్నానని అక్క ధీమాగా ఉంది. బావ మంచం మీద నుంచే నన్ను చూసి, "రా వదినా" అన్నాడు.

అక్క ఫక్కున నవ్వింది. "మరదల్ని పట్టుకుని వదినంటారేంటండీ!"

నన్ను ఆటపట్టించడం బావకు అలవాటే కాబట్టి నేనూ నవ్వాను. ఆయన మాత్రం నవ్వలేదు. కళ్ల కింద ఉబ్బు కనిపించింది. కాలి మీద వేలితో నొక్కితే పడ్డ సొట్ట అలాగే ఉండిపోయింది.

"బావా, మూత్రానికి ఎప్పుడెళ్లావు?"

"ఛీ, నీకెందుకే అవన్నీ!"

"సిగ్గుపడే టైం కాదు. చెప్పు."

"నిన్న పొద్దున అనుకుంటా. కాసినే. టీ డికాషన్‌లా ఉంది."

"అన్ని రోజులు నీళ్లు మానేస్తే ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇప్పుడే ఇంకో చెంబుడు తాగిస్తా" అని అక్క లేచింది.

"ఆగక్కా. ఒళ్లు నీరు పడుతోంది, మనిషి తికమకపడుతున్నాడు. కిడ్నీలు దెబ్బతిన్నాయేమో. వేసుకున్న మాత్రలన్నీ సంచిలో వెయ్యి. ఆసుపత్రికి వెళ్దాం."

రక్తపరీక్షలో, కిడ్నీలు వడకట్టాల్సిన క్రియాటినిన్ ఉండాల్సిన దానికి ఆరు రెట్లుంది. డాక్టరమ్మ మాత్రలు చూసి, "ఒంట్లో నీరు లేనప్పుడు ఈ నొప్పి మాత్రలు, వాటికి తోడు ఈ బీపీ మాత్ర. కిడ్నీలకు రక్తం చాలక ఇలా అయింది. ఇవాళైనా తెచ్చారు, నయం" అంది.

అక్క వరండాలో బెంచీ మీద కూలబడింది. "నా చేత్తో నేనే ఇచ్చానే."

"నొప్పి తగ్గాలనే కదా ఇచ్చావు" అన్నాను. ఆ మాట ఆమె చెవికెక్కలేదు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

రెండుసార్లు డయాలసిస్ చేశారు. మాట తేటపడింది కానీ మంచానికి తగిలించిన మూత్రం సంచిలో చుక్క పడలేదు. ఆసుపత్రిలో చేరిన ఐదో రోజు ఉదయం అది సగం దాకా నిండింది. అక్క దాన్ని చూసి బావురుమంది.

"మూత్రం వచ్చిందని ఏడ్చేదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను" అన్నాడు బావ. అక్క ఏడుస్తూనే నవ్వేసింది.

ఆరు వారాల తర్వాత ఆయనకు నేనే రక్తం తీశాను. క్రియాటినిన్ దాదాపు మామూలుకొచ్చింది. నొప్పి మాత్రలు మాత్రం ఇక తనను అడగకుండా ముట్టొద్దంది డాక్టరమ్మ. ఆ సోమవారమే బావ పనిలోకి వెళ్లాడు. యజమాని ఓ నెల పొయ్యి దగ్గరికి రావద్దని కౌంటర్లో కూర్చోబెట్టాడు. అక్కడ కూర్చోలేక ప్రాణం పోతోందని రోజూ సాయంత్రం అక్కతో ఒకటే సణుగుడు. అక్క ఎదురుగా కూర్చుని ఓపిగ్గా అంతా వింటుంది.