అతకని పటం

సూపర్‌వైజర్ ఆమె చేతి కింది నుంచి మౌస్ లాక్కుని, స్క్రీన్ మీద మురుగుకాలువ వెంబడి వెడల్పాటి పట్టీ గీశాడు. పట్టీలో పడ్డ ఇంటి కప్పులన్నీ ఒక్కసారిగా పసుపుపచ్చగా వెలిగాయి. డిలీట్ నొక్కాడు. కప్పులు పోయి మట్టి రంగు మిగిలింది. దానికి ‘ఖాళీ స్థలం’ అని పేరు పెట్టి, మిగతా గడులన్నీ ఇలాగే శుభ్రం చేయమని హాలంతటికీ వినబడేలా చెప్పి, చొక్కా గుండీ పెట్టుకున్నంత తేలిగ్గా పక్క వరసలోకి వెళ్లిపోయాడు.

పోయిన కప్పుల్లో ఆమె కాపురముంటున్న ఇల్లు కూడా ఉంది.

ఆమెను ఆ హాల్లో అందరూ కోడలు అనే పిలుస్తారు. ఉద్యోగంలో చేరిన రోజున, అప్పటికే అక్కడ పాతకాపైన ఆడబిడ్డ “మా ఇంటి కోడలు, కాస్త పని నేర్పించండి” అని పరిచయం చేసింది. అసలు పేరు జీతాల రిజిస్టరుకు పోయింది, ఈ పేరు మనుషులకు మిగిలింది. ఇద్దరివీ పక్కపక్క కుర్చీలు. ఇంట్లో సాధించింది చాలక ఇక్కడ కూడా సాధిస్తుందని కోడలి బాధ. తను వెంటపడబట్టే ఆ పిల్లకు గీత తిన్నగా వచ్చిందని ఆడబిడ్డ గర్వం.

వాళ్ల పని ఊరిని గీయడం. శాటిలైట్ ఫోటో మీద కప్పు చుట్టూ, సందు అంచున, కాలువ వంపున చుక్క చుక్కా నొక్కుకుంటూ పోవాలి. ఆ సాఫ్ట్‌వేర్ మాత్రం సామాన్యమైంది కాదు. కప్పులు ఒక పొర, రోడ్లు ఒక పొర, నీళ్లు ఒక పొర, నేల ఎత్తుపల్లాలు ఒక పొర. పొర మీద పొర వేసి ఏం అడిగినా చెబుతుంది. బడికి దూరమైన ఇళ్లేవో చూపిస్తుంది. అంబులెన్స్ ఏ సందులోకి దూరలేదో చెబుతుంది. పెద్ద వాన పడితే నీళ్లు ఎక్కడ నిలుస్తాయో నీలం పూసి మరీ చూపిస్తుంది. అన్నీ చెబుతుంది గానీ, అడుగుతున్నది ఎవరని మాత్రం అడగదు. కత్తి కూడా అంతే. పిడి డబ్బున్నవాడి చేతిలో, పదును పనివాడి వేళ్ల మీద.

కాలువ గట్టున ఎత్తయిన రోడ్డు రాబోతోంది. దాని పటం ఈ హాలు నడిపే కాంట్రాక్టరు తయారుచేసి సర్కారుకు ఇవ్వాలి. పటంలో ఇల్లుంటే, ఆ ఇంటివాళ్లకు ఇంకోచోట ఇల్లు చూపించిన తరువాతే కదపాలని రూలు. ఖాళీ స్థలమైతే రూలూ లేదు, ఇల్లూ లేదు, నేరుగా బుల్‌డోజరే. అందుకని కాలువ గట్టు బస్తీని గీసిన చేతులతోనే బస్తీని చెరిపిస్తున్నారు. హాల్లో సగానికి పైగా ఆ బస్తీవాళ్లే. చెరిపితే గూడు పోతుంది. చెరపకపోతే కూడు పోతుంది, ఆ తరువాత ఇంకెవడో చెరిపితే గూడూ పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పైగా సాయంత్రంలోగా పటం వెళ్లిపోవాలని, అందాకా ఎవరూ గుమ్మం దాటకూడదని తలుపుకు కార్డు గీసి లాక్ చేశారు. ఫోన్లు బయటి అరలో ఉన్నాయి. కిటికీ అద్దాలకు వెలుగు రాకుండా నల్లకాగితం అంటించి ఉంది. బుల్‌డోజర్ బస్తీ మొదట్లోకి వచ్చి నిలబడినా లోపలివాళ్లకు తెలిసే దారి లేదు.

ఆ హాల్లో ఒక పద్ధతుంది. ఊరిని గడులుగా కోసి మనిషికో గడి ఇస్తారు. రెండు గడులు కలిసేచోట గీతకు గీత కలవాలి. దాన్ని అతుకు వేయడం అంటారు. ఇరుగు గడివాళ్లూ పొరుగు గడివాళ్లూ ఒకే స్క్రీన్ ముందు కూర్చుని, సరిపోయిందని చూసుకుని, ఇద్దరూ తమ తమ పాస్‌వర్డ్ కొట్టాలి. ఒక్కరు కొట్టకపోయినా అతుకు ఎర్రగా మిగిలిపోతుంది, పటం బయటికి పోదు. తప్పు జరిగితే ఎవరి జీతం కొయ్యాలో తెలియడానికి కాంట్రాక్టరే ముచ్చటపడి పెట్టించిన పద్ధతి ఇది. సూపర్‌వైజర్ కార్డు తలుపును తెరుస్తుంది గానీ అతుకు వేయలేదు.

కోడలు ఎవరికీ చెప్పకుండా చెరిపిన కప్పులన్నీ వెనక్కి తెచ్చి పెట్టింది. ధైర్యంతో కాదు, భయంతోనే. తన ఇల్లు లేని తెరను చూస్తూ కూర్చోలేకపోయింది. ఆడబిడ్డ మాత్రం తన గడిని అద్దంలా తుడిచేసింది. ఇద్దరూ అతుకు వేయడానికి కూర్చుంటే బస్తీ మధ్యకు తెగి కనిపించింది. అన్నిటికంటే ఘోరం, తామంతా ఉండే అత్తగారి ఇల్లు సరిగ్గా అతుకు మీద ఉంది. వంటగది కోడలి గడిలో నిలబడి ఉంది, ముందుగది ఆడబిడ్డ గడిలో మట్టయిపోయింది.

“మీ అమ్మ కూర్చునే గదిని మీరే కోసేశారు వదినా,” అంది కోడలు.

ఆడబిడ్డ ఊరుకుంటుందా. గొంతు తగ్గించి దులిపేసింది. ఆఫీసులో నీతులు పనికిరావనీ, తను సూపర్‌వైజర్‌తో మాట్లాడుకుందనీ, చెప్పినట్టు చేస్తే మన ఒక్క ఇల్లు మాత్రం వదిలేస్తామని మాట ఇచ్చారనీ చెప్పింది. నోరు మూసుకుని నాలుగు మెతుకులు తినే దారి చూడమంది.

కోడలు మౌస్ అందుకుంది. రోడ్డు పొరను తెచ్చి కప్పుల మీద వేసింది. రోడ్డు నడిమి గీత అత్తగారి వంటగదిలోంచి పోతోంది.

“రోడ్డు మధ్యలో మన ఒక్క ఇల్లు ఎలా వదిలేస్తారు వదినా? లారీలు మన పొయ్యి చుట్టూ తిరిగి పోతాయా?”

ఆడబిడ్డ చాలాసేపు ఆ గీతనే చూసింది. ఏళ్ల తరబడి ఎన్నో ఇళ్ల మీద పొరలు పరిచిన మనిషి, సొంత ఇంటి మీద మాత్రం పరిచి చూసుకోలేదు. నమ్మాలనుకున్న మాటను కొలిచి చూడబుద్ధి కాదు ఎవరికైనా. ఆమె ముఖం మాడిపోయింది. పాస్‌వర్డ్ కొట్టకుండానే లేచి తన కుర్చీలోకి పోయింది.

ఎర్ర అతుకు సూపర్‌వైజర్ స్క్రీన్‌లో కూడా కనిపించింది. వచ్చి కోడలిని లేపి, ఆ గడిని రైలుపట్టాల అవతలి కాలనీలో ఉండే ఒకతనికి అప్పగించాడు. అతన్ని అందరూ అవతలాయన అంటారు. బస్తీ గొడవ తనకు పట్టనివాడు. అతను మౌస్ మీద చెయ్యి వేశాడు. చుట్టూ కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవరి ఇళ్లు చెరుపుతున్నావని ఒకరు, చేతికి పుండు పుడుతుందని ఒకరు. అతనికీ రోషం వచ్చింది.

“నేనేం చెయ్యను? నాకూ పెళ్లాం పిల్లలున్నారు. కాలువ పక్కన కట్టుకోమని మీకెవరు చెప్పారు? మాది గట్టి కాలనీ, మా జోలికి ఎవరూ రారు.”

మాటా మాటా పెరిగింది. బస్తీవాళ్లు ఒకవైపు, బయటివాళ్లు ఒకవైపు అయ్యారు. సూపర్‌వైజర్ చేతులు కట్టుకుని చూస్తున్నాడు. కూలీలు కూలీలు కొట్టుకుంటుంటే మేస్త్రీకి పండగే కదా.

ఆ రభసలో ఆడబిడ్డ ఏం చేస్తోందో ఎవరూ గమనించలేదు. ఎత్తుపల్లాల పొరను గీసింది ఆమే. రోడ్డు కోసం కట్ట లేస్తే వాననీళ్లు ఎటు పోతాయో చూడమని ఎవరూ అడగలేదు, చూడొద్దని మాత్రం చెప్పారు. ఇప్పుడామె కప్పులన్నీ తిరిగి నిలబెట్టి, కట్టను ఎత్తుగా లేపి, పెద్ద వాన కురిపించింది. గోడ మీది పెద్ద తెరకు దాన్ని కలిపింది.

నీలం ముందు బస్తీని ముంచింది. అది అందరూ అనుకున్నదే. అక్కడ ఆగలేదు. కట్ట అడ్డం రావడంతో వెనక్కి తిరిగి, రైలుపట్టాల కింది తూములోంచి దూరి, అవతలి కాలనీలోకి వీధి వెంట వీధి పాకింది. బజారు మునిగింది. పోలీస్ క్వార్టర్స్ మునిగాయి. అవతలాయన లేచి తెర దగ్గరికి వెళ్లి, నీలంలో తన ఇంటి కప్పును వేలితో తడిమాడు. అది తను గీసిన కప్పే.

“మా అమ్మ ఇల్లు పోతుందని ఏడవడం లేదు నేను,” అంది ఆడబిడ్డ. “అందరి ఇళ్లూ పోయేదాన్ని నా చేత్తో దాచమన్నారు. దాచాను. ఇక నావల్ల కాదు.”

అవతలాయన పాస్‌వర్డ్ కొట్టలేదు. సూపర్‌వైజర్ ఆ గడిని ఇంకొకరికి ఇచ్చాడు, వాళ్లూ కొట్టలేదు. చూస్తుండగానే గోడ మీది పటంలో ఒక్కొక్కటిగా అతుకులన్నీ ఎర్రగానే మిగిలిపోయాయి. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నా, ఇద్దరిలో ఒకరు చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

కాంట్రాక్టరు వచ్చాడు, వెంట పోలీసులు. ఆ సాఫ్ట్‌వేర్ ఏ పని ఎవరి పేరుతో జరిగిందో రాసి పెట్టుకుంటుంది. నీళ్ల లెక్క ఆడబిడ్డ పేరుతో ఉంది. రహస్య సమాచారం దొంగిలించిందన్నారు. జబ్బ పట్టుకుని మెట్లు దించుతుంటే ఆమె ఏడవలేదు, చీర కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడకుండా ఎత్తిపట్టుకుంది. హాలు బిక్కచచ్చిపోయింది. నిజం చెప్పాలంటే, అప్పుడు ఎవరో ఒకరు కొట్టేసేవాళ్లే. భయం అలాంటిది.

ఆ సంగతి కాంట్రాక్టరుకు తెలుసు. కోడలి పక్కన కుర్చీ వేసుకుని, తండ్రిలా మాట్లాడాడు. ఆడకూతురు స్టేషన్లో ఉండటం ఇంటికి మర్యాద కాదన్నాడు.

“పిచ్చిదానివి కాకు తల్లీ. నువ్వు అతుకు వేస్తే మిగతావాళ్లూ వేస్తారు. మీ వదిన సాయంత్రానికి ఇంటికొచ్చేస్తుంది.”

కోడలు అతన్ని తేరిపార చూసింది.

“ఏ ఇంటికి సార్?”

అవతలాయన కుర్చీలోంచి లేచాడు. ఆ నీళ్లు తనూ చూశాననీ, కేసంటూ పెడితే తన మీద కూడా పెట్టమనీ చెప్పి తలుపు దగ్గరికి నడిచాడు. అతని వెనక ఒకరు, వాళ్ల వెనక ఇంకొకరు. నిండా మునిగినవాళ్లకు ఇక చలేమిటి. అంతమందిని లోపల పెట్టి ఏం చెయ్యాలో తోచక సూపర్‌వైజర్ తనే తలుపు తీశాడు.

స్టేషన్‌కు తిన్నగా పోయే దారి వదిలేశారు వాళ్లు. నీలం పాకిన దారినే పోయారు. ప్రతి కప్పూ తెలుసు, ప్రతి సందూ తెలుసు, చేత్తో గీసినవే. గుమ్మం గుమ్మం ముందు ఆగి గోడకు అరచెయ్యి ఆనించి, రోడ్డు వేస్తే నీళ్లు ఇక్కడిదాకా వస్తాయని చెప్పారు. ఒక గోడకు మోకాలెత్తు, ఒక గోడకు నడుమెత్తు. కొట్లవాళ్లు కొట్లు వదిలి వచ్చారు. కుట్టుమిషన్ల మీదివాళ్లు మెడలో టేపులతోనే వచ్చారు. పటం కాంట్రాక్టరు కంప్యూటర్లోనే ఉండిపోయింది, ఊరు మాత్రం కదిలి వీధిలోకి వచ్చింది.

స్టేషన్ గేటు దగ్గర సెంట్రీ తుపాకీ అడ్డం పెట్టి, ఎవరు మీరంతా, వెనక్కి పొమ్మన్నాడు. కోడలు వెనక్కి తిరిగి చూసింది. జనం చివర కనిపించలేదు. మళ్లీ అతని వైపు తిరిగింది.

“నువ్వుండేది వెనక క్వార్టర్స్‌లోనే కదా, అన్నా?”

అతను అవునన్నట్టు చూశాడు.

కోడలు గేటు స్తంభానికి అరచెయ్యి ఆనించి, అతని ఛాతీ ఎత్తున ఆపింది.

“ఇక్కడిదాకా వస్తాయి. మా వదినని బయటికి పిలువు, లెక్క నీకూ చూపిస్తుంది.”