నీళ్లు పోసిన బిడ్డ

నేనెలా పుట్టానో చెప్పమంటే మా అమ్మ విశ్రాంతమ్మ అడిగినప్పుడల్లా ఒక కొత్త కథ చెప్పేది. ఒకసారి కిన్నెరసాని వరదలో చేటలో పడి కొట్టుకొచ్చానంది. ఇంకోసారి నన్ను కన్నవాళ్లు కలరాతో పోతే సిస్టర్లు తనకు అప్పగించారంది. మరోసారి, ఆ రోజు ఆమె మనసు హుషారుగా ఉన్నట్టుంది, సాక్షాత్తు దేవదూతే నన్ను దవాఖానా మెట్ల మీద పెట్టి పోయాడంది. చిన్నపిల్లను కాబట్టి నమ్మాను. పదేళ్లొచ్చాక నమ్మడం మానేశాను గానీ వినడం మానలేదు. పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లకు అబద్ధమైనా బాగా చెబితే చాలు.

మేముండేది మిషన్ దవాఖానా వెనక ఒంటి గదిలో. కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే రోడ్డు మీద బస్సు దిగి, అడవివైపు రెండు మైళ్లు నడిస్తే ఆ ఊరు వస్తుంది. అమ్మ అక్కడ ఆయా. పెళ్లి చేసుకోలేదు. పెళ్లి కాని మనిషి ఇంట్లో పిల్ల ఏమిటని ఊళ్లో గుసగుసలుండేవి, అమ్మ వాటిని చీపురుతో ఊడ్చినట్టు ఊడ్చేసేది. ఆ ఇంట్లో ఫినాయిల్ వాసన, రోగుల దగ్గులు, గోడ అలమర నిండా సిస్టర్లు చదివి వదిలేసిన వారపత్రికలు. అమ్మకు అక్షరం ముక్క రాదు, మందు సీసాలను మూతల రంగును బట్టి గుర్తుపట్టేది. నన్ను మాత్రం నాలుగో ఏటే బడిలో కూర్చోబెట్టింది. సాయంత్రం కాగానే ఒక పత్రిక తెచ్చి నా ముందు పడేసి "చదువు" అనేది. సీరియళ్లలో సగం వారాలు ఉండేవి కావు. లేని వారాలను నేనే కల్పించి చదివేదాన్ని. అమ్మ ఎప్పుడూ కనిపెట్టలేదు, లేదా కనిపెట్టి ఊరుకుంది.

నా చదువు వినేవాళ్లు ఇద్దరు. ఒకరు అమ్మ, రెండో మనిషి కట్టెల పూలి.

పూలిది వాగవతలి తండా. ప్రతి శనివారం ఒక మోపు తెచ్చి మా గుమ్మం ముందు దించేది. దించాక వెళ్లిపోవాలి కదా, వెళ్లేది కాదు. మెట్టు మీద కూర్చుని మెడ తుడుచుకుంటూ "చదువు మోతీ" అనేది. నా పేరు ముత్యాలమ్మ. ముత్యాన్ని వాళ్ల భాషలో మోతీ అంటారు కాబట్టి అలా పిలుస్తోందనుకున్నాను. నేను చదువుతుంటే నా తలలో పేలు చూసేది, గోళ్లు పెరిగాయా అని వేళ్లు తిప్పి చూసేది. నాకు మహా చిరాకు. "కట్టెలమ్మేదానికి నా గోళ్లతో ఏం పని" అని ఒకసారి అననే అన్నాను. పూలి నవ్వింది. అమ్మ మాత్రం నా వీపు మీద ఒక్కటి చరిచింది.

శనివారం వచ్చిందంటే అమ్మ కుదురుగా ఉండేది కాదు. అన్నం అడుగంటేది, కూరలో ఉప్పు రెండుసార్లు పడేది. నన్ను గేటు దాటనిచ్చేది కాదు. పూలి ఉన్నంతసేపూ నా చెయ్యి పట్టుకునే ఉండేది. పూలి అంటే ఆమెకు గిట్టదని తేల్చుకున్నాను. మరి గిట్టని మనిషి దగ్గరే, ఇంటి వెనక కట్టెలు చూరుదాకా పేరుకుపోయినా, ఎందుకు కొనేదో మాత్రం నాకు అంతుబట్టేది కాదు.

అది తెలియడానికి తొంభై ఒకటి దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి నాకు ఇరవై ఐదేళ్లు. పాల్వంచలో లైబ్రరీలో ఉద్యోగం, రోజూ బస్సులో పోయిరావడం. ఒక ఆదివారం పూజ అయ్యాక మా గుడి ఉపదేశి ఇన్నయ్య తాత నన్ను పిలిచాడు. ఫాదర్ ఊళ్లో లేనప్పుడు ప్రార్థన చెప్పించేదీ, గుడి పుస్తకాలు రాసేదీ ఆయనే.

"బిడ్డా, జ్ఞానస్నానాల పుస్తకానికి చెదలు పట్టినయ్. నీ చేతిరాత మంచిగుంటది. కొత్త పుస్తకంల ఎక్కిస్తవా?" అన్నాడు.

నెత్తిన నీళ్లు పోసి గుడిలో కలుపుకున్న ప్రతి బిడ్డ పేరూ ఉండే పుస్తకమది. పుస్తకం అంటే నేనెందుకు కాదంటాను? రోజూ సాయంత్రం గుడి పక్క గదిలో కూర్చుని, చెదలు తిన్నచోట తాతను అడుగుతూ పేరు పేరునా ఎక్కించాను. నాలుగో రోజు అరవై ఆరు ఆగస్టుకు వచ్చాను. పేరు, ముత్యాలమ్మ. తండ్రి, బద్యా. తల్లి, పూలి. జ్ఞానతల్లి, విశ్రాంతమ్మ. పక్కన చిన్న అక్షరాలతో, "ఆపద స్నానం, ఆయా చేతుల మీదుగా."

అంత లావు నవలలు రెండు రోజుల్లో నమిలేసేదాన్ని, ఆ రెండు వరుసల దగ్గర ఎంతసేపు ఆగిపోయానో తెలియదు. తల ఎత్తితే తాత నన్నే చూస్తున్నాడు.

"నా నోటితోని చెప్పలేక పుస్తకం చేతికిచ్చిన" అన్నాడు.

మాలో ఒక పద్ధతి ఉంది. పసిగుడ్డు ప్రాణం పోయేలా ఉండి, దగ్గర్లో ఫాదర్ లేకపోతే, ఎవరైనా సరే ప్రార్థన చెప్పి నెత్తిన నీళ్లు పోయవచ్చు. అదే ఆపద స్నానం. ఆ ఆగస్టులో ముసురు పట్టి సిస్టర్లు ఖమ్మంలో చిక్కుకుపోయారట. నెలలు నిండకుండానే నొప్పులొచ్చిన పూలిని బద్యా బండిలో వేసుకొచ్చాడు. బిడ్డ ఏడవలేదు. అమ్మ నీళ్లు పోసి, ఇక దక్కదని చెప్పింది. వాగు ఇంకా పెరిగితే దాటలేమని బద్యా నన్ను అక్కడే వదిలి, ఒళ్లు తెలియని పూలిని మళ్లీ బండిలో వేసుకుని వెళ్లిపోయాడు. వాళ్లు వాగు దాటాక నేను ఏడ్చాను.

"దూది వత్తితోని మేకపాలు పట్టి బతికిచ్చింది. నెలకు పూలి లేచి వచ్చింది. నిన్ను చూసి కాళ్లమీద పడ్డది, మోతీ అని పిలిచింది. మీ అమ్మ గా పేరునే మన భాషలకు మార్చి పెట్టింది. గని బిడ్డను ఇయ్యలే" అన్నాడు తాత.

"ఎందుకివ్వలేదు?"

"నీళ్లు పోసిన బిడ్డ గుడిదైపోయింది, వేరే చోట పెరిగితే పాపం తనకు తగుల్తదనుకున్నది. నిజంగనే అనుకున్నది బిడ్డా, అబద్ధం గాదు. గా నీళ్లతోనే బతికింది, తండాకు తీస్కపోతే చస్తదని పూలికి చెప్పింది. తర్వాత ఫాదర్ వచ్చినంకనే నీ పేరు పుస్తకంల ఎక్కిచ్చిన. ఫాదర్ మీ అమ్మను తిట్టిండు. గట్ల ఏం లేదు, తల్లి అడిగితే ఇచ్చెయ్ అన్నడు. నా ముందల్నే అన్నడు. సరే ఫాదర్ అన్నది. ఇయ్యలే."

"నువ్వైనా పూలికి చెప్పొచ్చు కదా తాతా?"

ఆయన పాత పుస్తకం చెదలు దులపడం మొదలుపెట్టాడు.

ఇంటికెళ్లి అమ్మను అడిగాను. ఈసారి కథ చెప్పలేదు. చెంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

"ఫాదర్ చెప్పిన నాటికి నువ్వు నా ఏలు పట్టుకోవడం నేర్చినవ్" అంది చివరికి. "రేపిస్త, ఎల్లుండిస్త అనుకున్న. ప్రతి శనివారం, ఇయ్యాల అడుగుతది, ఇయ్యాల తీస్కపోతది అని పాణం కొట్టుకునేది. అడగలే. పూలికి చెప్పకు బిడ్డా. నేను పోయినంక చెప్పు."

జాలి వేయలేదు. కోపం వచ్చింది, కళ్లు మండేంత కోపం. కూతుర్ని కూతురని పిలవకుండా ఒక మనిషి పాతికేళ్లు మా మెట్టు మీద కూర్చుంది, ఒక అబద్ధానికి భయపడి. నేనేమో ఆమె గోళ్లు చూస్తుంటే చెయ్యి లాక్కున్నాను. నన్ను లాక్కున్నారన్న సంగతి తెలిసి కూడా నోరు మూసుకుంటే నేనూ ఆ అబద్ధంలో భాగస్తురాలినే. చెబితే మాత్రం అమ్మకు ఈ వయసులో ఏం మిగులుతుంది? అది కూడా ఆలోచించాను. ఆలోచించే, పొద్దున్నే లైబ్రరీకి సెలవు పెట్టి వాగు దాటాను.

పూలి ఇంటి ముందు మేకలకు ఆకు వేస్తోంది. నన్ను చూసి ఆకు కింద పడేసింది. నేనెప్పుడూ ఆ తండాకు వెళ్లలేదు.

"ఆయమ్మకు ఏమన్నయిందా?" అని అడిగింది ముందు.

ఏం కాలేదన్నాను. నిలబడే మొత్తం చెప్పేశాను, పుస్తకంలో చూసింది, తాత చెప్పింది, ఫాదర్ మాట, అమ్మ దాచింది. చెబుతూ ఆమె మొహం చూడలేకపోయాను. పూలి మంచం వాల్చి నన్ను కూర్చోమంది.

"తెల్సు" అంది.

"ఏం తెలుసు?"

"ఫాదర్ సంగతి. నీకు ఐదేండ్లప్పుడు పోరగాండ్లకు సూదులేపియ్యనీకి మా తండాకొచ్చిండు. అడిగిన. నీళ్లకు దానికి ఏం లేదు, నీ బిడ్డ నీదే, తీస్కపో అన్నడు. మర్నాడే వచ్చిన. శనివారం గాదు, ఆయమ్మ లోపట డ్యూటీల ఉన్నది. నువ్వు ఒక్కదానివే మెట్టు మీద కూసోని, ఏలు పెట్టుకుంట చదువుతున్నవ్. జామచెట్టు ఎనక నిలబడి విన్న. గొంతు మా అమ్మ గొంతే. మాటలు మాత్రం మాయి కావు." పూలి మీదికొచ్చిన మేకను పక్కకు నెట్టింది. "అప్పటికే బద్యా లేడు, అడవి కూపుల చెట్లు నరుకుతుంటె చెట్టు మీద పడి పోయిండు. నీకన్న పెద్దోళ్లు ఇద్దరినీ వెదురు కొట్టనీకి పంపుతున్న. నిన్ను తెచ్చుకున్నా రేపోమాపో గదే పనికి పంపేదాన్ని. ఎత్తుకుపోతే రెండు దినాలు ఏడ్చి మర్చిపోదువు. గని చదువు పోతది గద. ఉత్త చేతులతోనే మళ్లిన."

నాకు తెలియాల్సింది ఒక్కటే, నన్ను ఇచ్చారా, లాక్కున్నారా అని. తెలిసింది. తెలిశాక పూలి మీద కూడా కోపం వచ్చింది. లాక్కున్నారనుకుంటే ఎవరో ఒకరి మీద ఏడ్చుకోవచ్చు.

"అంటే నువ్వు కూడా వదిలేశావన్న మాట" అన్నాను.

"ఇడిచిపెడితే వారం వారం వస్తనా?"

మరి తెలిసిన సంగతి అమ్మకెందుకు చెప్పలేదని అడిగాను. ఇరవై ఏళ్లుగా ఆమె శనివారం వస్తే వణికిపోతోందన్నాను.

"చూస్తనే ఉన్న" అంది పూలి. "చెప్తే భయం పోతది. నా బిడ్డతోని అమ్మా అని పిలిపిచ్చుకుంటది. గంత మాత్రం భయం ఉండొద్దా? నాకు మాత్రం కోపం ఉండదా?"

అంత శాంతంగా నవ్వే మనిషిలో అంత కోపం ఉందని నాకెన్నడూ తోచలేదు. నిన్నటి నుంచి అమ్మ అన్నం ముట్టలేదని చెప్పాను. పూలి మేకలకు మిగిలిన ఆకు వేసింది, చేతులు కడుక్కుంది, తలుపు దగ్గరకు వేసి "నడువు" అంది.

మేము చేరేసరికి మధ్యాహ్నం. గది మధ్యలో నా రేకు పెట్టె ఉంది. అమ్మ నా చీరలూ, సర్టిఫికెట్లూ, అలమరలోని పుస్తకాలన్నీ అందులో కుక్కి తాడుతో కట్టింది. తాను గోడకానుకుని కూర్చుంది. పూలిని చూడగానే లేచి, మాట తడబడకుండా ముందే అనుకున్నట్టు, గబగబా చెప్పేసింది.

"నేను అబద్ధమాడిన పూలీ. నీళ్ల మాట అబద్ధం. ఇగో నీ బిడ్డ, తీస్కపో."

నన్ను అడిగేవాళ్లే లేరా అని నాకు ఒళ్లు మండింది. జీతం తెచ్చే ఇరవై ఐదేళ్లదాన్ని పెట్టెతో సహా అప్పగిస్తోంది! నోరు తెరవబోయాను. పూలి చెయ్యి అడ్డం పెట్టింది. వంగి పెట్టె పిడి పట్టుకుని ఒక పక్క లేపింది. ఆ బరువు ఆమెకు ఒక లెక్కా? ఎత్తిన పక్క మెల్లగా కిందికి దించింది.

"గిన్ని పుస్తకాలా ఆయమ్మా? నాతోని గాదు. ఫాదర్ తీస్కపొమ్మన్న నాడే నాతోని గాలే. నువ్వే ఉంచుకో."

అమ్మకు వెంటనే అర్థం కాలేదు. పూలి మొహం, నా మొహం మార్చి మార్చి చూసింది.

"ఏనాడు?"

"దీనికి ఐదేండ్లప్పుడు."

"ఐదేండ్లా?" అమ్మ ఒక అడుగు ముందుకేసింది. "గప్పటి సంది తెలిసి, నన్ను గట్ల చూసుకుంటనే కూసున్నవా పూలీ?"

"అవ్. చూసుకుంట కూసున్న."

అమ్మ పూలి భుజం మీద చేత్తో ఒక్క దెబ్బ వేసింది. ఇంకో దెబ్బ వేయబోయి, ఆ భుజం మీదే తల పెట్టి చిన్నపిల్లలా ఏడ్చింది. పూలి కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి. కొంచెం సేపు చేతులు వేలాడేసి నిలబడి, ఆ తర్వాత అమ్మ వీపు మీద చెయ్యి వేసింది. ఇద్దరికీ నేనక్కడ ఉన్నానన్న ధ్యాసే లేదు. నేను తాడు ముళ్లు విప్పి, పుస్తకాలు ఒక్కొక్కటే తీసి మళ్లీ అలమరలో పెట్టుకోవడం మొదలుపెట్టాను.