కుర్చీల కూసున్నోడు

ముంతల పొయ్యిబూడిద నింపుకుంటున్న సుసన్నకు కడుపుల మంట మండుతున్నది. కిస్మస్ పండుగపూట మనిషికి గింత కోపం రావద్దు. వచ్చింది, ఏం జేస్తది మరి? కట్టుకున్నోడే గట్ల తగలవడితె ఎవరికని చెప్పుకుంటది?

ఆమె పెనిమిటి పేరు ఇశ్రాయేలు. చెప్పులు కుట్టుడు, దొర బాయికాడ మోట తోలుడు, పిలిచినప్పుడల్ల ఉరికి వెట్టి చేసుడు, ఇబ్రహీంపట్నంల ఏడాదంత గదే ఆయన బతుకు. కిస్మస్‌నాడు మాత్రం ఆయన రాజు. పొద్దుగాల ప్రార్థన అయినంక మధ్యాహ్నం ఏసుగుడి ముంగట వాడోళ్లు నాటకం ఆడుతరు. అండ్ల పసి ఏసును సంపజూసిన హేరోదు రాజు ఇశ్రాయేలే. ఆయన కేకేస్తె పెద్దచెరువు మీది కొంగలు లేస్తయంటరు. జనుము గడ్డం కట్టి, జిలుగుకాయితం కిరీటం పెట్టుకొని, వాడ మొత్తంల ఉన్న ఒక్క కుర్చీల, గదే పాస్టరయ్య కుర్చీల, కాలుమీద కాలేసుకొని కూసుంటడు. దొర కనవడితె చెప్పులు చేతుల పట్టుకొని నడిచేటోడు. ఆ జరసేపు కుర్చీల కూసునుడే ఆయనకు పరలోకం.

ఆ నాటకానికి ఒక రివాజు ఉన్నది. పసిపిల్లలను సంపుమని హేరోదు హుకుం ఇయ్యంగనే ఆడోళ్లంత బూడిద ముంతలు పట్టుకొని లేస్తరు. నోటికొచ్చిన తిట్లు తిట్టుకుంట రాజు మొకాన బూడిద గొడుతరు. ఆ ఏడు ఎవరింట్ల మనిషి పోతే వాళ్లదే మొదటి పిడికిలి. ఇదెక్కడి భక్తి అని పాస్టరయ్య మొత్తుకుంటనే ఉంటడు, ఎవరింటరు? లోపలి దుక్కం గట్ల బయటికి పోవాలె అంటరు ముసలోళ్లు.

ఈ ఏడు మొదటి పిడికిలి సుసన్నది.

ఆమెకు ఒక్కడే తమ్ముడు, అంజిలయ్య. దొరల మీద కొట్లాడే సంఘంల తిరిగిండు. ఇగ వెట్టి చెయ్యం అని దొర గడి ముంగట నిలవడి చెప్పిండు. వానకాలంల రజాకార్లు వాడమీద పడ్డప్పుడు గడ్డివాముల దాసుకున్నడు. శ్రీపాల్‌రెడ్డి దొర గుర్రం దిగకుంటనే చేతికట్టెతోని ఆ వామును చూపిచ్చిండు. వాడంత చూసింది. తుపాకి సప్పుడు వాడంత ఇన్నది.

ఆ ఎనుక యూనియన్ మిలట్రీ వచ్చె, నిజాం కథ ఒడిసె, దొర హైద్రాబాదు పారిపోయె. పీడ పోయింది అనుకున్నరు. ఏడ వోయింది? దీపావళి ఎల్లంగనే మిలట్రీ జీపు ఎంబడి కాంగ్రెసోళ్ల తెల్లటోపి పెట్టుకొని దిగిండు. సంఘపోళ్లు పంచిన భూములన్ని మల్ల గుంజుకున్నడు. ఇప్పుడు రజాకార్లతోని కొట్లాడి ఊరిని కాపాడింది తనేనట! సిగ్గు లేనోనికి నవ్వే సింగారం.

పండుగ దగ్గరవడ్డంక దొర ఇశ్రాయేలును గడికి పిలిపిచ్చిండు. పోయిన మనిషి తిరిగొచ్చినప్పుడు కాళ్లు భూమ్మీద లెవ్వు.

"సుసన్నా, మన బతుకు మారుతదే! నాటకాల కంపెనీ ఆయన దొరకు దోస్తు అట. నన్ను షహరుకు తోలుకపోతడట. గోడలమీద నా పేరు రాస్తరట!"

"ఉత్తగనే తోలుకపోతడా? ఏం జెయ్యమన్నడు?"

ఇశ్రాయేలు నేలచూపులు చూసిండు. "నాటకం ఆఖరుకు నాలుగు మాటలు చెప్పుమన్నడు. ఊరిని దొరనే కాపాడిండని. అంజిలయ్యను గూడ... దొరనే దాసిపెట్టిండని."

పెనం మీద రొట్టె మాడుతున్న సోయి గూడ సుసన్నకు లేదు. "నీ నోట్లె మన్ను వడ! వామును చూపిచ్చినోడే దాసినోడు అయ్యిండా? గా మాట అననీకి నీకు నాలిక ఎట్ల తిరుగుతది?"

"సచ్చినోడు సచ్చిండు. బతికినోడు బతకొద్దా?" ఇశ్రాయేలు గూడ లేసిండు. "నెత్తి నెరుస్తున్నది. తోలు వాసన తప్ప నాకేం మిగిలింది? పక్కనున్న అబ్దుల్లాపూర్‌మెట్‌ల గూడ ఇశ్రాయేలు అంటె ఎవలకు ఎరుక? ఈ గొంతు నాతోనే మట్టిల వోవాల్నా?"

ఆ గొంతు ఇనే సుసన్న ఈ ఇంటికి వచ్చింది. అందుకే ఇంక ఎక్కువ కోపమొచ్చింది. "నీకు పేరు కావాల్నా? మా తమ్ముని పీనుగ మీద ఎక్కి ఎత్తుగ కనవడాల్నా? కనవడు. థూ!" అన్నది. ఆ దినంకెల్లి మొగనితోని మాట్లాడలే. బువ్వ పెట్టింది, అంతే.

పండుగనాడు దొర రానే వచ్చిండు. ఎంబడి కట్టెలు పట్టుకున్న మనుషులు. వాడకు దొర వస్తె ఏడ కూసోబెడుతరు? పాస్టరయ్య చేతులు నలుపుకుంట తన కుర్చీ తెచ్చి ముంగట ఏసిండు. దొర కూసున్నడు. హేరోదుకు కుర్చీ లేకపాయె. ఎవలో రోలు తెచ్చి బోర్లిచ్చిండ్రు. ఇశ్రాయేలు ఆ కుర్చీ దిక్కు ఒకసారి చూసి, కిరీటం సదురుకొని రోలు మీద కూసున్నడు. సుసన్నకు పాపమనిపియ్యలే. మంచిగైంది అనుకున్నది.

నాటకం నడిచింది. గొల్లలు వచ్చిండ్రు, జ్ఞానులు వచ్చిండ్రు. ఇశ్రాయేలు గొంతు లేసింది. "బేత్లెహేముల ఒక్క పసిగుడ్డు గూడ మిగలొద్దు! పోండ్రి, సంపుండ్రి!" పిల్లలు తల్లుల కొంగులు పట్టుకున్నరు. దొర మెచ్చుకుంట తల ఊపిండు.

ఆడోళ్లు ముంతలు పట్టుకొని లేసిండ్రు. మొదటి పిడికిలి కోసం సుసన్నకు దారి ఇచ్చిండ్రు. ఇశ్రాయేలు ఎప్పటిలెక్కనే కండ్లు మూసుకొని మొకం పైకెత్తిండు. ఆ మూసిన కండ్లు చూసి ఆమె అడుగు ఒక్కతాన ఆగింది. ఈ బూడిద దులుపుకొని లేసి దొరను పొగుడుతడు ఈయన. పొగడనీ. నా పిడికిలి మాత్రం నా తమ్మునిది.

రోలును దాటి పోయింది. కుర్చీ ముంగట నిలవడి, పిడికెడు బూడిద తీసి దొర మొకాన ఫట్టున కొట్టింది.

"నా తమ్ముని చూపిచ్చిన నీ చెయ్యి పురుగులు వడ! నీ గడిల దీపం పెట్టే దిక్కు లేకుంట వోను!"

తెల్లటోపి బూడిదటోపి అయ్యింది. భూమి పోగొట్టుకున్న ముసలి మరియవ్వ ఎనుకనుంచి వచ్చి తన ముంతంత దొర మీద బోర్లిచ్చింది. ఇగ ఎవరాపుతరు? ఆడోళ్లంత మీదవడ్డరు.

"పట్టుండ్రిరా ఆ ముండను!" దొర దగ్గుకుంట లేసిండు. కట్టెలు లేసినయి.

"ఆగుండ్రి!"

గది హేరోదు గొంతు. కొంగలు లేసే గొంతు. కట్టెలు లేసినయి లేసినట్టే ఆగినయి. ఇశ్రాయేలు రోలు మీదికెల్లి దిగి సుసన్నకు అడ్డంగ నిలవడ్డడు.

"ఆడోళ్లది తప్పు లేదు. కొట్టుమని నేనే చెప్పిన. మా నాటకంల కుర్చీల కూసున్నోడే హేరోదు." కిరీటం తీసి దొర ఇడిసిన కుర్చీల పెట్టిండు. "నాలుగు మాటలు చెప్పుమన్నవ్ గదా దొరా, చెప్తున్న. అంజిలయ్య వాముల ఉండె. చూపిచ్చింది నువ్వు. సంపిచ్చింది నువ్వు. వాడంత చూసింది."

అబద్ధం! నేనే కొట్టిన, ఈయన ఏం చెప్పలే అని సుసన్న మొత్తుకున్నది. ఎవరిన్నరు? పొద్దు గూకకముందే మిలట్రీ జీపు వచ్చింది. సంఘపోడు అని దొర ఒక్క మాట అన్నడు, జనుము గడ్డం గూడ తియ్యనియ్యకుంట రెక్కలు ఇరిసి కట్టిండ్రు. జీపు ఎక్కిచ్చేటప్పుడు ఇశ్రాయేలు ఎనుకకు తిరిగిండు.

"సుసన్నా, ఎనుక కూసున్నోళ్లకు గూడ ఇనవడ్డదా?"

ఆమెకు దుక్కం కంటె కోపమే ముందొచ్చింది. గిప్పుడు గూడ గొంతు ముచ్చటేనా అని పండ్లు కొరికింది. నోరు తెరిచేటాళ్లకు జీపు కదిలిపోయింది.

ఇశ్రాయేలు పేరు మాత్రం ఆగలే. అబ్దుల్లాపూర్‌మెట్‌ల, ఆదిభట్లల, జల్‌పల్లిల ఎక్కడ చూసినా గదే ముచ్చట. గోడ మీద గూడ ఎవలో బొగ్గుతోని రాసిండ్రట. ఆయనను ఏ జైలుల పెట్టిండ్రో, ఉన్నడో లేడో మాత్రం ఒక్కలూ చెప్పలే. ఇల్లు చూడనీకి కొత్త కొత్త మనుషులు వస్తుండ్రి.

"ఎంత పేరుగల్ల మనిషమ్మా! నీ పున్నెం" అన్నడు అందుల ఒకాయన.

సుసన్న చేతిల చీపురు నేలకు కొట్టింది. "పేరు మీరే తీస్కపోండ్రి. నాకు మనిషిని తెచ్చియ్యుండ్రి. ఎనుక కూసున్నోళ్లకు ఇనవడ్డదా అని అడిగిండు. ఇనవడ్డదని చెప్పాలె నేను."